ఫోన్‌తో నడిచే స్టార్టర్ చేశాను. ఊరంతా పెట్టుకునే ముందు ఏమేం చూసుకోవాలి?

అడిగింది: కల్వకుర్తి వైండింగ్ షాప్

అందరికీ నమస్కారం. మాది కల్వకుర్తి దగ్గర ఒక ఊరు. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, మోటార్లు వైండింగ్ చేసే షాపులో ఆరేళ్ళు పని నేర్చుకుని, రెండేళ్ళ కింద సొంతంగా చిన్న షాపు పెట్టుకున్నాను. కొంచెం పొడవుగా రాస్తాను, ఓపికతో చదవండి. పదిహేను రోజుల్లో నేనొక మాట చెప్పాలి. ఎటూ తేలక నిద్ర పట్టడం లేదు.

బోరు మోటారుకు ఒక డబ్బా తయారు చేశాను. అందులో సిమ్ ఉంటుంది. రైతు ఇంట్లో నుంచి మిస్డ్ కాల్ ఇస్తే మోటారు ఆన్ అవుతుంది, ఇంకో కాల్ ఇస్తే ఆఫ్. నీళ్ళు అందక మోటారు వట్టిగా తిరిగితే దానంతట అదే ఆగిపోతుంది. ఇట్లాంటివి కంపెనీలవి ఇదివరకే బజార్లో ఉన్నాయి. నాది వాటికంటే చవక, పాడైతే మా షాపులోనే బాగు చేసిస్తాను. అందుకే మా ఊళ్ళో, పక్క తండాలో కలిపి పద్నాలుగు మంది పెట్టించుకున్నారు.

ఇది చేయడానికి కారణం మా చిన్నాయన. అప్పుడు ఉచిత కరంటు రోజుకు ఏడు గంటలు, అదీ రెండు విడతలుగా. ఒక విడత రాత్రి ఏ రెండు గంటలకో వచ్చేది. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను. చిన్నాయన రాత్రిపూట టార్చి పట్టుకుని పోయి, తడి కాళ్ళతో స్టార్టర్ డబ్బా మీద చెయ్యి వేశాడు. పొద్దున పాలకు పోయినవాళ్ళు చూసి చెప్పారు. మా మండలంలో పాము కరిచి పోయినవాళ్ళు, షాక్ కొట్టి పోయినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. ఆ చీకట్లో ఎవరూ పోవద్దన్నదే నా పట్టుదల. అది తప్పు అని ఇప్పటికీ అనుకోవడం లేదు.

పోయిన యాసంగిలో జరిగింది చెప్తాను. నా డబ్బాలో మూడు పద్ధతులు పెట్టాను. కాల్ చేస్తే నడిచేది, టైమ్ పెట్టుకుంటే నడిచేది, కరంటు ఉన్నంతసేపు నడిచేది. మూడోది ఎవరైనా అవసరానికి వాడుకుంటారులే అని ఊరికే పెట్టాను. ప్రతి డబ్బా ఎన్ని గంటలు నడిచిందో రోజూ నాకొక మెసేజ్ వస్తుంది. మోటారు బాగుందో లేదో తెలుసుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. ఉగాది తర్వాత తీరిగ్గా కూర్చుని ఆ మెసేజ్‌లన్నీ నోటుబుక్కులో ఎక్కించాను. పద్నాలుగులో తొమ్మిది మూడో పద్ధతిలోనే ఉన్నాయి. మా నాయిన సొంతంగా పోయి మోటారు వేసే రోజుల్లో ఐదారు గంటలు నడిపేవాడు. డబ్బా పెట్టాక మా మోటారే సగటున పదకొండు గంటలు నడిచింది. మడి నిండి నీళ్ళు ఒడ్డు దాటిపోతున్నా ఆపడానికి ఎవరూ చేను దగ్గర లేరు. ఇద్దరు రైతులైతే, నీళ్ళు బాగా వస్తున్నాయని ఇంకో అర ఎకరం వరి పెంచారు.

మా చేనుకు అరవై గజాల దూరంలో ఒక అవ్వ బోరు ఉంది. 190 అడుగులు వేయించుకుంది. మగదిక్కు లేదు, ఎకరం పల్లి వేసుకుని బతుకుతుంది. ఆమె బోరు ఏనాడూ ఇంచుకు మించి పోయలేదు, కానీ యాసంగి గట్టెక్కేది. ఈసారి శివరాత్రికే ఆగి ఆగి పోయడం మొదలైంది, కాయ ఊరే సమయానికి వట్టిపోయింది. పల్లి గవ్వల్లాగా వచ్చింది. ఆ ఏడాది వానలు కూడా తక్కువే. కాబట్టి నా డబ్బా వల్లే అని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆమెకు నా డబ్బా సంగతే తెలియదు.

ఇప్పుడు జడ్చర్ల డీలర్ ఒకాయన వచ్చి, ఈ యాసంగి నాట్లలోపు 500 డబ్బాలు చేసిస్తే అడ్వాన్సు ఇస్తానన్నాడు. మా ఇంటి అప్పులన్నీ తీరిపోయే మాట అది. నాయిన సంతోషంగా ఉన్నాడు. నాకు మాత్రం నోటుబుక్కు తెరిస్తే టెన్షన్.

పద్నాలుగు డబ్బాలతోనే నేను ఊహించనిది ఇంత కనపడింది. ఐదు వందలైతే ఏమవుతుంది? ఇంకా నాకు తోచనివి ఏమేం ఉన్నాయి? డబ్బా అమ్మడం మానేయమంటారా, మార్చి అమ్మమంటారా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు: పాత లైన్‌మన్, దేవరకొండ

తమ్ముడూ, నేను 34 ఏళ్ళు స్తంభాలెక్కి రిటైరైనవాణ్ణి. నీ డబ్బాకు అన్న లాంటిది ఒకటి ఇదివరకే మా చేతుల మీదుగా పోయింది. దాని కథ చెప్తాను.

2004లో ఉచిత కరంటు వచ్చింది. కరంటు ఏ పూట వస్తుందో తెలియదు, రైతు చేను దగ్గరే కాపు కాయలేడు. కరంటు రాగానే మోటారును దానంతట అదే నడిపే ఆటో స్టార్టర్లు దిగాయి. ఒక్కొక్క రైతుకు చూస్తే అదెంతో సుఖం. నేను కూడా ఎంతోమందికి కనెక్షన్ ఇచ్చాను, వద్దనడానికి నాకు కారణం కనపడలేదు. మా లైన్‌లో నాలుగో వంతు మందికి అయ్యేదాకా ఏమీ తెలియలేదు. తర్వాత మొదలైంది. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుగా తీసుకునేదానికి ఐదారింతలు కరంటు గుంజుతుంది. మనిషి పోయి వేసే రోజుల్లో ఒకడు ముందు, ఒకడు వెనక. ఆటో స్టార్టర్‌తో కరంటు వచ్చిన సెకనులోనే లైన్‌లో ఉన్న మోటార్లన్నీ ఒక్కసారి లేచేవి. వోల్టేజి కుప్పకూలేది. ఫ్యూజులు పోయేవి, కాయిళ్ళు కాలేవి. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఐదు హెచ్‌పీ మోటార్లు ఐదుంటేనే నిండుకున్నట్టు. మా దగ్గర ఎనిమిది, తొమ్మిది ఉండేవి. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రైతులే చందాలేసుకుని ట్రాక్టర్ మీద ఎక్కించుకుని పోయేవారు. అది తిరిగొచ్చేలోపు పొట్టమీదున్న వరి ఎండేది. ఆటో స్టార్టర్ పెట్టనివాడి మడి కూడా అందులోనే ఎండేది.

2018 జనవరి 1 నుంచి 24 గంటల కరంటు ఇచ్చారు. దానికి ముందే ఆటో స్టార్టర్లు తీసేయండి అని ప్రభుత్వమే రైతులను బతిమాలింది. మేం ఊరూరా తిరిగాం. కొందరు తీశారు, చాలామంది మేం పోయాక మళ్ళీ పెట్టుకున్నారు. ఇరవై నాలుగు గంటల కరంటుకు ఆటో స్టార్టర్ తోడైతే బోరు ఊపిరి తీసుకునే సమయమే లేదు. కొందరు రైతులు వాళ్ళంతట వాళ్ళే వచ్చి, మాకు తొమ్మిది గంటలు చాలు సార్ అన్నారు. నీ మూడో పద్ధతి సరిగ్గా ఆ ఆటో స్టార్టరే. పేరు మారింది, అంతే. దాన్ని ముందు తీసెయ్.

ఇంకొకటి. ఇది నువ్వు రాయలేదు, అంటే నీకు తట్టలేదు. ఇదివరకు మోటారు వేసేవాడు మోటారు దగ్గరే నిలబడేవాడు. ఇప్పుడు వేసేవాడు ఇంట్లో ఉన్నాడు, లేదా హైదరాబాద్‌లో ఉన్న కొడుకు అక్కడి నుంచి ఫోన్ కొడుతున్నాడు. ఆ క్షణంలో తండ్రి బోరు దగ్గర వైరు జాయింట్ విప్పుకుని కూర్చుని ఉంటే? మీ చిన్నాయన్ను తీసుకుపోయిన ప్రమాదాన్ని ఆపడానికి చేసిన డబ్బా, ఇంకో దారిలో అదే ప్రమాదాన్ని తేవచ్చు. దానికి మూడు పనులు చెయ్. డబ్బా పక్కన ఒక చేతి స్విచ్ పెట్టు, అది ఆఫ్‌లో ఉంటే ఎవరు ఎక్కడి నుంచి కాల్ చేసినా మోటారు లేవొద్దు. మోటారు లేచే ముందు అర నిమిషం గట్టిగా సైరన్ మోగాలి. కరంటు పోయి వచ్చినప్పుడు ఒక్కో డబ్బా ఒక్కో సమయానికి, ఒకటి రెండు నిమిషాలకు, ఇంకొకటి ఏడు నిమిషాలకు లేవాలి. ఎర్తింగ్ లేనిచోట డబ్బా బిగించను అని ముఖం మీదే చెప్పు. అమ్మకం పోతే పోనీ.

జవాబు: ఆమనగల్ రైతు

నేను వీటన్నిటికీ ఒప్పుకోను అన్నా. నువ్వు అమ్మకపోతే కంపెనీ వాడు అమ్ముతాడు. వాడు నోటుబుక్కు రాయడు, అవ్వ పల్లి చేను వైపు చూడడు. బోర్లు ఎండడానికి వెయ్యి కారణాలు ఉన్నాయి. మాకు చేన్లో కూలీ దొరకడం లేదు, మోకాళ్ళ నొప్పులతో మా అమ్మ చీకట్లో మోటారు దగ్గరికి నడవలేకపోయేది. నీ డబ్బా లాంటిది పెట్టాక ఆమె రాత్రిపూట నిద్రపోతోంది. ఆ మేలును ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. అన్నీ ముందే తెలుసుకుని చేస్తానంటే ఏ పనీ మొదలుకాదు.

జవాబు: రిటైర్డ్ టీచరమ్మ, మర్రిగూడ

బాబూ, ఆమనగల్ తమ్ముడి మాటలో న్యాయం ఉంది. వాళ్ళమ్మ నిద్ర చిన్న విషయం కాదు. అయినా నేను చూసింది కూడా వినండి. నేను నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో 29 ఏళ్ళు పాఠాలు చెప్పాను.

మా చిన్నప్పుడు దిగుడు బావుల్లో దిగి నీళ్ళు తెచ్చుకునేవాళ్ళం. ఆ నీళ్ళతో నారి కురుపు వచ్చేది. కాలిలో నుంచి దారంలాగా పురుగు బయటికి వచ్చేది, పుల్లకు చుట్టి రోజుకు కొంచెం లాగేవారు. అందుకే ఊళ్ళోకి చేతిబోరు వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చాం. తేటగా, పురుగు లేని నీళ్ళు. ఇచ్చినవాళ్ళ మనసులో చెడు లేదు, తాగిన మాకు సందేహం లేదు. నారి కురుపు నిజంగానే పోయింది. 2000లో దేశం మొత్తంలోనే లేదని ప్రకటించారు.

ఆ రాతిలో ఏముందని మాత్రం ఎవరూ అడగలేదు. మాది గ్రానైట్ నేల, నీటిలో ఫ్లోరైడ్ దిగుతుంది. లీటరుకు ఒకటి, మహా అయితే ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. మా ఊళ్ళ బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. నా తరగతిలో పిల్లలు నవ్వితే పళ్ళ మీద గోధుమరంగు గీతలు. కొందరికి ఏడెనిమిదేళ్ళకే కాళ్ళు వంకర తిరిగేవి. నలభై ఏళ్ళ మనిషి మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి చూసేవాడు. బ్లాక్‌బోర్డు మీద రాసి వెనక్కి తిరిగితే కనపడిన ఆ ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

నన్ను బాధపెట్టేది ఏమిటంటే, ఇది ఎవరికీ తెలియని రోగం కాదు. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు ఉందని 1937లోనే డాక్టర్లు రాశారు. చేతిబోరు బిగించే ముందు ఒక సీసాడు నీళ్ళు పరీక్షకు పంపి ఉంటే చాలు. కాబట్టి అన్నీ ముందే తెలుసుకోవాలని నేను అనడం లేదు. ఇంతకుముందే తెలిసినదాన్ని అయినా వెతికి చూడాలంటున్నాను. నీకు నోటుబుక్కు ఉంది. మాకు ఆ నోటుబుక్కు లేకపోయింది.

తర్వాత వచ్చిన మందు సంగతి కూడా చెప్తాను. నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్ళు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టారు. దానికి నల్గొండ పద్ధతి అనే పేరు. మా జిల్లా పేరు ఆ పద్ధతితో ఆఫ్రికా దేశాల దాకా పోయింది. శాస్త్రంగా మంచిదే. కానీ ఏ బోరు నీటికి ఎంత పటిక పడాలో లెక్క వేసి రోజూ వేసే మనిషి కావాలి. అడుగున పేరుకునే బురదను ఎక్కడో పారబోయాలి. పటిక ఎక్కువైతే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. నేను పనిచేసిన ఒక ఊళ్ళో అట్లాంటి ట్యాంకు కట్టారు. మొదటి ఏడాది నడిచింది. పటిక వేసే అతనికి జీతం రావడం ఆగాక ట్యాంకు ఆగింది, చివరికి మేకలు దాని నీడలో పడుకునేవి. రోజూ చూసుకునేవాడు ఎవరు, వాడికి జీతం ఎవరిస్తారు అన్నది మొదటి రోజే తేల్చుకోవలసిన మాట. నీ డబ్బా చెడిపోతే బాగు చేసేది నువ్వే. 500 అయ్యాక, జడ్చర్ల అవతల అమ్మినవాటిని ఎవరు చూస్తారు?

మా గోడు వినిపించడానికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది పోటీకి నిలబడ్డారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా వేయాల్సి వచ్చింది. మా బంధువు ఒకాయన కూడా నామినేషన్ వేశాడు. వంగిన నడుముతో నల్గొండ దాకా బస్సులో పోయి వచ్చాడు. ఒక్కసారి మనిషి ఎముకల దాకా పోయిన తప్పును దిద్దడానికి మా జిల్లా ఎంత దూరం పోవాల్సి వచ్చిందో చూడు. ఇప్పుడు కృష్ణ నీళ్ళు నల్లాల్లో వస్తున్నాయి, కొత్తగా పుట్టిన పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. వంగిన నడుములు మాత్రం వంగే ఉన్నాయి.

నీకు రెండు ప్రశ్నలు. నువ్వు ఇప్పటిదాకా అడిగింది డబ్బా కొన్నవాళ్ళనేనా? కొననివాళ్ళను, కొనలేనివాళ్ళను అడిగావా? రెండోది, బోర్లు ఎండితే మళ్ళీ లోతుకు దింపుతారు. లోతున రాతితో చాలాకాలం కలిసి ఉన్న నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉండటం మేం చాలాచోట్ల చూశాం. చేన్లో కూలీలు, పశువులు ఆ నీళ్ళే తాగుతారు. ఒక సీసా నీళ్ళు పరీక్ష చేయించు బాబూ.

అడిగినవారి మాట

టీచరమ్మా, లేదు. కొననివాళ్ళను అడగలేదు. అడగాలని తోచనే లేదు. లైన్‌మన్ అన్నా, హైదరాబాద్ కొడుకు మాట చదివి చెయ్యి వణికింది. మా పద్నాలుగులో మూడు డబ్బాల నంబర్లు పట్నంలో ఉన్న కొడుకుల దగ్గరే ఉన్నాయి. ఈ రాత్రే వాళ్ళకు ఫోన్ చేసి, చేను దగ్గరున్న మనిషిని అడగకుండా మోటారు వేయొద్దని చెప్పాను.

జవాబు: నీటి లెక్క రైతు, పాలమూరు

నాకు చదువు పదో తరగతి వరకే. కానీ మా ఊళ్ళో ఐదేళ్ళు నీళ్ళు కొలిచాను, ఆ అనుభవంతో రాస్తున్నాను.

2003 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఏడు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను చూసుకునే ఒక ప్రాజెక్టు నడిచింది. ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ సహాయం దానికి ఉండేది. మహబూబ్‌నగర్, నల్గొండ ఆ ఏడింటిలో ఉన్నాయి. మాకు ఒక వాన కొలిచే డబ్బా, ఒక టేపు ఇచ్చారు. ఎంచుకున్న బోర్లలో నీరు ఎన్ని అడుగుల్లో ఉందో పదిహేను రోజులకు ఒకసారి కొలిచేవాళ్ళం. పొద్దున మోటారు వేయకముందే కొలవాలి, లేకుంటే లెక్క తప్పుతుంది. కొలిచింది పంచాయతీ గోడ మీద రంగుతో రాసేవాళ్ళం. యాసంగికి ముందు ఊరంతా కూర్చునేది. వానకు ఎంత ఇంకింది, ఎన్ని ఎకరాల వరి వేస్తే ఎంత పోతుంది, పల్లి వేస్తే ఎంత, జొన్న వేస్తే ఎంత అని లెక్క చెప్పుకునేవాళ్ళం. నువ్వు వరి వేయొద్దు అని ఎవరినీ ఎవరూ అనలేదు. అంకె గోడ మీద ఉండేది, అంతే. మూడో ఏడు మా చిన్నమ్మ కొడుకు రెండెకరాల వరి తగ్గించి పల్లి వేశాడు. ఎందుకురా అంటే గోడ చూసిన అన్నాడు.

మన కింద ఉన్నది గట్టి రాయి. ఇసుక నేలలాగా నీరు అడుగున సముద్రంలా ఉండదు. పైన చివికిన రాతి పొరలో కొంచెం, రాతి పగుళ్ళలో కొంచెం. ఒకే పగులు మీద నువ్వూ, అవ్వా ఉన్నారనుకో, ఒకే కుండలో రెండు గొట్టాలు పెట్టినట్టే. లోతుగా ఉన్న గొట్టం చివరి దాకా తాగుతుంది. ఆమెది 190 అడుగులు అన్నావు. మీది ఎంత? రాయలేదు. అది రాయి ముందు.

ఇంకో మాట జాగ్రత్తగా విను. మా ఊళ్ళో డ్రిప్ వచ్చినప్పుడు నీళ్ళు మిగులుతాయనుకున్నాం. మిగిలాయి కూడా. మిగిలిన నీళ్ళతో ప్రతివాడూ ఇంకో ఎకరం బత్తాయి పెట్టాడు. పని సులువైతే మనిషి ఆ పని ఎక్కువ చేస్తాడు. మీ ఇద్దరు రైతులు అర ఎకరం పెంచింది అందుకే, వాళ్ళు చెడ్డవాళ్ళై కాదు. కాబట్టి మంచిగా వాడుకోండి అని చెప్పి అమ్మితే సరిపోదు. డబ్బాలోనే రోజుకు ఇన్ని గంటలు అని గీత గీసెయ్. ఎక్కువ కావాలంటే రైతు చేను దగ్గరికి నడిచి వచ్చి, బటన్ నొక్కాలి. పగటిపూట ఆ నడక ఉండటం మంచిది.

500 సంగతి. ఇంగ్లండ్‌లో డేవిడ్ కాలింగ్‌రిడ్జ్ అనే ఆయన 1980లోనే ఒక చిక్కు చెప్పాడట, మా ప్రాజెక్టు సార్ ఒకసారి వివరించాడు. కొత్త వస్తువును మార్చడం సులువైన రోజుల్లో దాని చెడు కనపడదు, చెడు కనపడే రోజుకు అది మార్చలేనంతగా అల్లుకుపోయి ఉంటుంది. నీకు పద్నాలుగులోనే కనపడింది. ఇప్పుడు నువ్వు సైకిల్ ఎక్కి పోయి పద్నాలుగూ మార్చి రాగలవు. 500ను మార్చలేవు. ఆమనగల్ తమ్ముడు కంపెనీ అమ్ముతుందన్నాడు, నిజమే. కానీ కంపెనీ దగ్గర లేనిది నీ దగ్గర ఉంది. ఏ డబ్బా ఏ బోరు మీద ఉందో నీకు తెలుసు.

జవాబు: ఆమనగల్ రైతు

గంటల గీతకు నేను ఒప్పుకుంటాను. కానీ ఆ గంటలు నువ్వొక్కడివే షాపులో కూర్చుని నిర్ణయించొద్దు అన్నా. నాట్లప్పుడు మడికి నీళ్ళు ఎక్కువ కావాలి, పొట్టప్పుడు ఒక్కరోజు తప్పినా తాలు పోతుంది. రైతులను పిలిచి అడిగి గీత పెట్టు. సైరన్ మాత్రం తప్పకుండా పెట్టు. మా అమ్మ బోరు దగ్గరే బట్టలు ఉతుకుతుంది. నేను ఇక్కడి నుంచి ఎన్నోసార్లు చూడకుండానే కాల్ చేశాను.

అడిగినవారి మాట (పన్నెండు రోజుల తర్వాత)

జరిగింది రాస్తున్నాను.

పద్నాలుగు డబ్బాల్లో పన్నెండింటికి మూడో పద్ధతి తీసేశాను. చేతి స్విచ్, సైరన్ బిగించాను. దానికైన ఖర్చు నాదే, ఎవరినీ అడగలేదు. ఇద్దరు రైతులు మాత్రం ఒప్పుకోలేదు. పైసలిచ్చి కొన్నాం, మా డబ్బా మా ఇష్టం అన్నారు. వాళ్ళకు స్విచ్, సైరన్ మాత్రం పెట్టి వచ్చాను. వాళ్ళ మీద నాకు కోపం లేదు, ముందే ఆలోచించకుండా అమ్మింది నేను.

పోయిన ఆదివారం పంచాయతీ ముందున్న వేపచెట్టు కింద కూర్చున్నాం. ముప్పై మంది దాకా వచ్చారు, అందులో డబ్బా లేనివాళ్ళే ఎక్కువ. నోటుబుక్కులో ఉన్న గంటలు పేర్లు లేకుండా చదివాను. ఎవరిది ఏదో అందరికీ అర్థమైపోయింది, అక్కడ నేను తప్పు చేశానేమో. మా నాయిన తల వంచుకుని కూర్చున్నాడు. నీటి లెక్క రైతన్నా, నువ్వు అడిగావు కదా, మా బోరు 410 అడుగులు. అదీ చదివాను.

అవ్వ అన్నిటికంటే వెనక కూర్చుంది. నీకూ ఒక డబ్బా ఊరికే పెట్టిస్తాను అవ్వా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "నాకెందుకు బిడ్డా ఆ డబ్బా, నా బోరు పది అడుగుల దూరంలనే ఉంటది నా గుడిసెకు. మీ మోటార్లు ఎన్ని గంటలు నడుస్తున్నయో అది నాకు రోజూ చెప్పు. నేను పల్లి వెయ్యాల్నా, జొన్న వెయ్యాల్నా చూసుకుంట" అంది. నేను మెసేజ్‌లు వచ్చే ఏర్పాటు చేసింది నా కోసం, నా మోటార్ల కోసం. అది ఆమెకు కావలసిన వార్త అని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఆమెకు చదవడం రాదు. అందుకని రోజూ సాయంత్రం ఆమె ఫోన్‌కు కాల్ వెళ్ళి, చుట్టుపక్కల ఆరు మోటార్ల గంటలు తెలుగులో చెప్పేటట్టు చేస్తున్నాను. రెండు రోజుల్లో అయిపోతుంది.

గంటల గీత ఆ రోజు తెగలేదు. నాట్ల నెలలో పది, తర్వాత ఏడు అని కొందరు, మొత్తం ఎనిమిది అని కొందరు అన్నారు. మళ్ళీ కూర్చోవాలి.

జడ్చర్ల డీలర్‌కు 500 కుదరదు, ఈ యాసంగికి 40 ఇస్తాను, అవీ నేనే వచ్చి బిగిస్తాను అని చెప్పాను. ఆయన నవ్వాడు. అడ్వాన్సు తీసుకోలేదు. నాయిన రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు నాతోపాటు ఎర్తింగ్ గుంత తవ్వడానికి వచ్చాడు. అప్పు అట్లానే ఉంది.

టీచరమ్మా, మూడు బోర్ల నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షకు ఇచ్చాను. రిపోర్టు ఇంకా రాలేదు, రాగానే పెడతాను.

టేపు కొనలేదు, నేనే ఒక తీగ చేశాను. రెండు వైర్ల చివర నీరు తగిలితే పైన చిన్న ఎల్‌ఈడీ బల్బు వెలుగుతుంది, అడుగు అడుగుకూ గుర్తులు పెట్టాను. ఈ రోజు పొద్దున ఆరింటికి, ఎవరూ మోటారు వేయకముందే ఐదు బోర్లలో దింపి చూశాను. అవ్వ బోరుతోనే మొదలుపెట్టాను, ఆమే బ్యాటరీ పట్టుకుంది. నీరు 71 అడుగుల దగ్గర తగిలింది. పంచాయతీ గోడ మీద సున్నం కొట్టిన చోట ఆ అంకె రాసి వచ్చాను. పదిహేను రోజులకు మళ్ళీ కొలిచి ఇక్కడ రాస్తాను.